దంపతుల ఉమ్మడి అభిప్రాయం

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం చెప్పుకోదగ్గ పనేదీ చెయ్యకుండా గడిపేసి, చివరికి మా పట్టణ గ్రంథాలయంలో అభిప్రాయ నమోదు విభాగాన్ని నెలకొల్పాడు. దాంతో నాగరికత పూర్తయింది. ఇక మిగిలినవన్నీ చిన్నాచితకా మరమ్మతులే.

ఈ విభాగం రాకముందు మా ఊరి జనం పుస్తకాలు తీసుకెళ్ళి, చదువుకుని, తిరిగి ఇచ్చేసేవారు. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. చదివాక వాళ్ళ మనసులో ఏమైందో అడిగే నాథుడు లేడు. ఒకావిడ ఏదో నవల చదివి వారం పాటు దిగులుగా తిరిగిందట. ఆ దిగులు ఏ లెక్కలోకీ ఎక్కకుండానే తగ్గిపోయింది. ఇప్పుడా అన్యాయం లేదు. పుస్తకంతోపాటు అభిప్రాయమూ అప్పజెప్పాలి. అభిప్రాయం ఆమోదం పొందితేనే ఇంకో పుస్తకం. అభిప్రాయం రానివాళ్ళు పక్కనున్న బెంచీ మీద కూర్చుని, వచ్చేదాకా ఎదురుచూడవచ్చు. (బెంచీకి వెనక ఆనుకునే చెక్క లేదు. సుఖంగా కూర్చున్నవాళ్ళకు అభిప్రాయాలు రావని ఒక ఉపసంఘం తేల్చింది.)

నాకు ఈమధ్యే పెళ్ళయింది. ఈ సంగతి ఇక్కడ అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరమే. అవసరం లేకపోయినా చెప్పేదాన్ని. ఈమధ్య పాలవాడికి చెప్పాను, బస్సు కండక్టరుకు చెప్పాను, ఫోను చేసి అప్పు కావాలా అని అడిగిన అమ్మాయికి కూడా చెప్పాను. (ఆ అమ్మాయి శుభాకాంక్షలు చెప్పి, అయితే తప్పకుండా కావాలి మేడమ్ అంది.) నేను కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తాను. మా ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. మాకు పరిచయమైంది ఆ బెంచీ మీదే. ఇద్దరికీ అభిప్రాయం రావడం లేదు. చెక్క లేదు కాబట్టి ఒకరి వీపు ఒకరికి ఆన్చుకుని కూర్చోమని కౌంటరులో ఉండే అక్కే సలహా ఇచ్చింది. ఉపసంఘం ఈ ఫలితాన్ని ఊహించి ఉండదు.

పెళ్ళయి, ప్రయాణం చేసొచ్చి, పాత పుస్తకాలన్నీ అప్పజెప్పాక నేను చేసిన మొదటి ఘనకార్యం, గ్రంథాలయం యాప్‌లో ‘పెళ్ళయినదా?’ అన్న గడి మీద వేలు పెట్టడం. ఎంత సంబరంగా పెట్టానంటే ఫోను చేతిలోంచి జారి మంచం కిందికి వెళ్ళింది. మా ఆయన బయటికి తీసి తెర తుడిచాడు. తెర మీద రెండు గుండెకాయలు వచ్చి, ఒకదానికొకటి ఢీకొని, ఒకటైపోయాయి. కింద ఇలా పడింది: ‘శుభాకాంక్షలు. మీ ఇద్దరి కార్డులూ రద్దయినవి. ఉమ్మడి కార్డు కొరకు మీ పాత అభిప్రాయములు సరిపోల్చబడుచున్నవి.’

నియమం చాలా సులువు. ఒక పుస్తకం మీద ఒక కుటుంబానికి ఒకే అభిప్రాయం. ఒక కప్పు కింద రెండు అభిప్రాయాలుంటే గణాంకాలు చెడిపోతాయి. కాబట్టి భార్యాభర్తలు ఇద్దరూ చదివిన ప్రతి నవల గురించీ అధికారి ఎదుట కూర్చుని ఒక్క మాట మీదికి రావాలి. రాకపోతే కార్డు నిలిచిపోతుంది. మాతోపాటు మా అత్తయ్య కూడా ఆ కార్డు మీదే ఉంది. ఆవిడ దెయ్యాల నవలలు తప్ప వేరేవి ముట్టుకోదు.

ఒక సెలవురోజు ముగ్గురం కలిసి వెళ్ళాం. మాకంటే ముందు వరసలో ఒక దర్జీ నిలబడి ఉన్నాడు. చారిత్రక నవల తిరిగి ఇచ్చేవాళ్ళు అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో వరస చెప్పాలి. ఆయన ముత్తాతల దాకా బాగానే లాక్కొచ్చి, ఒక మేనత్తనూ ఒక పినతల్లినీ కలిపి కుట్టేశాడు. మళ్ళీ చదువుకుని రమ్మన్నారు. నాకు జాలేసింది. ఈమధ్య వస్తున్న చారిత్రక నవలలతో ఇదే బాధ. వాటిలో అందరూ పొద్దస్తమానం గుర్రాల మీదే ఉంటారు, అందరికీ అందరూ చుట్టాలే, ఒక్కరికీ నడుంనొప్పి రాదు.

అభిప్రాయాధికారి అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏం అడిగినా ‘పరిశీలనలో ఉంది’ అంటారు కాబట్టి ఊరంతా ఆయన్ను పరిశీలనగారు అంటుంది. (ఇంట్లో ఆయన భార్య కూడా అలాగే పిలుస్తుందని వినికిడి.) సన్నగా, ఇస్త్రీ చేసిన కవరులా ఉంటారు.

“కూర్చోండి,” అన్నారు. “మొదటిది డిటెక్టివ్ నవల. లిఫ్టులో హత్య. హంతకుడెవరో చెప్పండి. చెవిలో.”

డిటెక్టివ్ నవలల విషయంలో విభాగం చాలా జాగ్రత్తగా ఉంటుంది. హంతకుడి పేరు పైకి చెప్పకూడదు. చెప్పకపోతే చదివినట్టు రుజువు లేదు. అందుకని అధికారి చెవిలో చెప్పాలి. మా ఆయన లేచి వెళ్ళి కుడిచెవిలో చెప్పాడు. నేను ఎడమచెవిలో చెప్పాను. పరిశీలనగారు కళ్ళు మూసుకుని నిట్టూర్చారు.

“సరిపోయింది. ఇది నేను వచ్చే వారం మొదలుపెడదామనుకున్నాను.”

“అయ్యో సార్,” అన్నాను.

“అలవాటైపోయిందమ్మా. ఈ సీట్లోకి వచ్చాక నాకు తెలియని హంతకుడు లేడు. ఇక అభిప్రాయం చెప్పండి.”

“డిటెక్టివుకు దిగులెక్కువ సార్,” అన్నాను. “ఈమధ్య ఎవర్ని చూసినా అంతే. పెళ్ళాం వదిలేసి ఉంటుంది, నిద్ర ఉండదు, చన్నీళ్ళ స్నానం, కిటికీలోంచి వాన. హత్య సంగతి మధ్యలో గుర్తొస్తే చూస్తాడు.”

“లిఫ్టు తలుపు అంతస్తుకూ అంతస్తుకూ మధ్య అలా తెరుచుకోదు సార్,” అన్నాడు మా ఆయన. “సేఫ్టీ ఉంటుంది. రచయితను ఒక్కసారి మా వర్క్‌షాపుకు రమ్మనండి, చూపిస్తా.”

“ఒక్క మాట మీదికి రండి.”

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చింది. ‘హంతకుడు పనిమంతుడు. డిటెక్టివుకూ లిఫ్టుకూ రిపేరు అవసరం’ అని నమోదైంది. ఇద్దరి వేలిముద్రలూ పక్కపక్కన పడ్డాయి. వాటి మధ్య పిసరంత ఎడం కూడా లేదు. నేను దాన్ని ఫొటో తీసుకున్నాను.

ప్రేమ నవలకు ‘కన్నీరు’ అని ఒక గడి ఉంటుంది. ‘రాలేదు’, ‘వచ్చింది’, ‘వచ్చింది కానీ ఉల్లిపాయలవల్ల’, వీటిలో ఒకటి ఎంచుకోవాలి. నాకు వచ్చింది. నాకు ప్రేమ నవలలంటే ప్రాణం. అయినా వాటిమీద ఒక ఫిర్యాదుంది. ఇప్పటి నవలల్లో అమ్మాయికి తప్పకుండా ఒక బుల్లి దుకాణం ఉంటుంది, పూలదో పుస్తకాలదో. ఆ దుకాణానికి అబ్బాయి తప్ప ఇంకో కొనేవాడు రాడు. నేను దుకాణంలోనే పనిచేస్తాను. తెరిచింది మొదలు మూసేదాకా మంచినీళ్ళు తాగే తీరిక ఉండదు, ప్రేమలో ఎప్పుడు పడను?

“మీకు కన్నీరు?” పరిశీలనగారు మా ఆయన్ను అడిగారు.

“వచ్చింది సార్. ఆవలింతవల్ల.”

బల్ల కింద గిల్లాను.

“ఇప్పుడు మామూలుగా కూడా వస్తోంది సార్,” అన్నాడు.

దెయ్యాల నవలకు పాఠకురాలు నిజంగా భయపడిందని ఇంట్లోవాళ్ళు ధ్రువీకరించాలి. అత్తయ్య ముందుకు వంగింది. “నేను చెప్తా రాసుకో నాయనా. పిల్ల ఆ పుస్తకం పట్టుకున్నన్నాళ్ళూ వంటింట్లోకి ఒక్కతే పోలేదు. నన్ను తోడు రమ్మంది. నేనెళ్ళి గిన్నెలు కడుక్కుని వచ్చా.”

“దెయ్యం గురించి మీ అభిప్రాయం?”

“దెయ్యం నయం. రోజూ ఒకే వేళకొస్తుంది. మావాణ్ణి చూడు, ఏ వేళకు ఇంటికొస్తాడో వాడికే తెలీదు. తప్పంతా ఆ కాపురానికొచ్చినవాళ్ళది. అంత పెద్ద ఇల్లు అంత తక్కువ అద్దెకెందుకిస్తున్నావయ్యా అని ఒక్కడూ అడగడు. మేమైతే కుళాయి ఎన్నింటికొస్తుందో కూడా అడిగాకే దిగాం.”

పరిశీలనగారు ఇది మొత్తం టైపు చేసుకున్నారు. సైన్స్ నవల మీద మాత్రం మా అభిప్రాయం అవసరం లేదన్నారు. పెళ్ళికి ముందు నేనిచ్చిన అభిప్రాయం పరిశీలనలో ఉండగానే, నవలలో చెప్పిన భవిష్యత్తు వచ్చేసిందట. ఆ పుస్తకాన్ని చరిత్ర విభాగానికి మార్చేశారు. నాకు బాధేసింది. మనుషుల ఆలోచనలు చదివే యంత్రాలున్న ఆ కాలంలో కూడా టీ తెచ్చిపెట్టేది ఆడమనిషే అని నేను గట్టిగా ఒక వాక్యం రాశాను. అది ఇక ఎవరూ చూడరు.

“ఇక ఒకటే మిగిలింది,” అంటూ పరిశీలనగారు కంప్యూటరు వైపు తిరిగి, అక్కడే ఆగిపోయారు. “ఇది సరిపోలడం లేదు.”

అదొక సన్నపాటి నవల. ఏ కోవకూ చెందనిది కాబట్టి ‘ఇతరములు’ అని రాసిన అరలో, ఫ్యాను స్విచ్చుల పక్కన ఉండేది. ఎవరో కొత్త రచయిత్రి మొదటి పుస్తకం. అచ్చువేసినవాళ్ళు దుకాణం ఎత్తేశారు, ఇంకో ప్రతి దొరకదు. కథ చెప్పమంటే ఒక నిమిషంలో చెప్పొచ్చు. ఒక పల్చటి గోడకు ఇటు ఒకాయన, అటు ఒకావిడ అద్దెకుంటారు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోరు. గోడలోంచి కుళాయి చప్పుడు, గ్లాసులో చెంచా చప్పుడు, దగ్గు వినిపిస్తూ ఉంటాయి. ఈయన దగ్గితే కాసేపటికి ఆవిడ దగ్గుతుంది. అదే పలకరింపు. చివర్లో ఒకరోజు అటు చప్పుళ్ళు ఆగిపోతాయి. ఈయన మామూలుగా రెండుసార్లు దగ్గి, జవాబు కోసం ఆగుతాడు. అంతే.

పెళ్ళికి ముందు నేనొక గదిలో ఒంటరిగా ఉండేదాన్ని. పక్కగది చెంచా చప్పుడు నాకూ తెలుసు. ఆ పుస్తకం పూర్తిచేసి చాలాసేపు మూయకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ‘ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరు’ అని అభిప్రాయం ఇచ్చాను. పెళ్ళయ్యాక ప్రయాణంలో అదే పట్టుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన రైల్లో చదివి, “ఏమీ జరగలేదేంటి?” అన్నాడు. నేను పడిపడి నవ్వాను. జోకనుకున్నాను. (మా ఆయన జోకులు అలాగే ఉంటాయి. వేరేవాళ్ళకు నవ్వు రాదు.) తిరిగొచ్చాక, చట్టాన్ని గౌరవించే కుటుంబం కదా, ఆయనా అభిప్రాయం ఇచ్చాడు. ‘ఏమీ జరగదు.’

“కోవ లేని పుస్తకం అరలో ఉండాలంటే ఆమోదం పొందిన మెప్పు ఒకటైనా ఉండాలి,” అన్నారు పరిశీలనగారు. “దీనికున్నది మీదొక్కటేనమ్మా. మీ పెళ్ళితో అది నిలిచిపోయింది.”

“నిలిచిపోతే ఏమవుతుంది సార్?”

“రేపు సాయంత్రం లోపల మీరిద్దరూ బాగుందని ఒక్క మాటంటే పుస్తకం ఉంటుంది. బాగాలేదని ఒక్క మాటంటే పుస్తకం పోతుంది, కార్డు ఉంటుంది. ఏ మాటా అనకపోతే రెండూ పోతాయి. ఎల్లుండి లారీ వస్తుంది.”

లారీ వెళ్ళేది కాగితం మిల్లుకు. అక్కడ పుస్తకాలు గుజ్జయి, గుజ్జు మళ్ళీ కాగితమై, ఆ కాగితం మా గ్రంథాలయానికే అభిప్రాయ పత్రాలుగా తిరిగొస్తుంది. ఇందులో వృథా అన్నది లేదు.

ఇంటికొచ్చాం. అత్తయ్య ముందు నేను మా ఆయన్ను ‘మీరు’ అంటాను, తలుపు వేసుకున్నాక ‘నువ్వు’ అంటాను. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన రహస్యం. ఆ సాయంత్రం తలుపు వేసుకున్నాక కూడా ‘మీరు’ అన్నాను. పరిస్థితి తీవ్రతను పాఠకులు గ్రహించాలి.

“మీకు ఒక్క వాక్యం మార్చడానికి ఏం పోతుంది?”

“నచ్చనిదాన్ని నచ్చిందని ఎలా రాయను? రేపు నువ్వు కట్టుకున్న చీర బాగుందంటే నమ్ముతావా?”

“ఇప్పుడు చీర సంగతెందుకు?”

“ఉదాహరణకు.”

“ఏ చీర?”

“ఏ చీరా కాదు! ఉదాహరణ!”

“అంటే ఏదో ఒకటి ఉంది.”

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “గోడ, చెంచా, దగ్గు. ఇదేనా కథ? చివరిదాకా ఏదో జరుగుతుందని చూస్తూనే ఉన్నాను.”

“అలా చూడ్డమే కథ!”

అప్పటిదాకా మేం అన్నిటికీ ఒకే మాట మీద ఉన్నాం. మంచానికి ఎవరు ఏ వైపు, టీలో ఎంత చక్కెర, ఫ్యాను ఎంత వేగం, ఒక్క దానికీ ఓటింగు దాకా పోలేదు. పెళ్ళంటే ఇదేనేమో, ఇంత సులువైన దానికి జనం ఎందుకంత గోల పెడతారో అనుకున్నాను. నేను విసురుగా వెళ్ళి రెండో గదిలో కూర్చున్నాను. అత్తయ్య మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని తన నవల తెరిచింది.

“ఈ ఇంట్లో మీ ఇద్దరికంటే నా పుస్తకంలో దెయ్యమే ఎక్కువ మాట్లాడుతోంది,” అంది కాసేపటికి. “మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆయనా నేనూ ఒకే పేపరు చదివాం. ఆయన ముందునుంచి, నేను వెనకనుంచి. మధ్య పేజీలో కలిసేవాళ్ళం. దానికి మీలా ఆఫీసుకెళ్ళి వేలిముద్రలేశామా?”

“అది కాదత్తయ్యా, ఆ పుస్తకాన్ని గుజ్జు చేసేస్తారు.”

“తెలుసు. కార్డు పోతే నా దెయ్యాలూ పోతాయి. దాని గురించి ఎవరూ ఏడవట్లేదు చూశావా?”

గోడవతల మా ఆయన గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపు తిప్పాడు. తర్వాత దగ్గాడు. కాసేపాగి మళ్ళీ దగ్గాడు. ఆయనకు జలుబు లేదు.

నేను జవాబివ్వలేదు. సిద్ధాంతం గొంతుకు అడ్డం పడింది.

మర్నాడు దుకాణంలో పొద్దుణ్ణుంచీ అద్దాలు మారుస్తూనే ఉన్నాను. “ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?” అని అడగడం నా పని. ఒకాయనా ఆయన భార్యా వచ్చారు. ఆయనకు స్పష్టంగా ఉన్నది ఆవిడకు మసక, ఆవిడకు స్పష్టంగా ఉన్నది ఆయనకు తలనొప్పి. ఇద్దరికీ వేర్వేరు అద్దాలు రాసిచ్చాను. వాళ్ళు ఒకే ఆటోలో నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. మధ్యాహ్నం భోజనం మానేసి గ్రంథాలయానికి పరిగెత్తాను.

పుస్తకం అప్పటికే లారీ కోసం తోపుడుబండి మీద ఉంది. అక్కడే నిలబడి మళ్ళీ చదివాను, ఈసారి మా ఆయన కళ్ళతో. చదువుతుంటే కోపం రావడం మొదలైంది. గోడ అవతల మనిషి ఉంది, ఈయనకు కాళ్ళున్నాయి, గదికి తలుపుంది. లేచి వెళ్ళి తలుపు కొడితే ఒక్క పేజీలో అయిపోయేదానికి పుస్తకమంతా గోడ పట్టుకుని కూర్చున్నాడు. నిజమే, ఏమీ జరగదు. జరగాల్సింది జరగదు. కౌంటరు అక్క దగ్గరికెళ్ళి నా అభిప్రాయం మార్చాను. ‘ఏమీ జరగదు’ అని రాసి వేలిముద్ర వేశాను. అత్తయ్య దెయ్యాలు అత్తయ్యకు దక్కుతాయి, మా ఆయన అబద్ధం ఆడక్కర్లేదు, మా గుండెకాయలు రెండూ ఒకటవుతాయి. పుస్తకాన్ని నా చేత్తో నేనే లారీ ఎక్కిస్తున్నాను. బండి మీద దాన్ని కింద పడకుండా సరిగ్గా సర్ది, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

“నీకో మాట చెప్పాలి.”

“ముందు నేను చెప్పాలి.”

“లేదు, నేనే. అభిప్రాయం మార్చేశాను! పొద్దున గ్రంథాలయం లిఫ్టు చూస్తానని లోపలికెళ్ళి, పుస్తకం పట్టుకుని లిఫ్టులో కూర్చుని మొత్తం మళ్ళీ చదివాను. ఫోన్లోనే మార్చాను. ‘ఇంతకంటే బాగా ఎవరూ రాయలేరు.’ నీ మాటే, అక్షరం పొల్లుపోకుండా.”

నా చేతిసంచి కిందపడింది.

“నేనూ మార్చాను,” అన్నాను. “ఏమీ జరగదని.”

“ఎందుకు మార్చావ్? అంత మంచి పుస్తకాన్ని!”

“మంచి పుస్తకమా? ఆయన లేచి తలుపు కొట్టడానికేం?”

“తలుపు కొడితే కథే పోతుందే! ఆ మాత్రం తెలీదా?”

అత్తయ్య లోపల్నుంచి వచ్చి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “నిన్న ఇద్దరికీ పడలేదు. ఇవాళ అటువాళ్ళిటు ఇటువాళ్ళటు మారి పడలేదు. ఒక్కరే మారి, రెండోవాళ్ళు నోరు మూసుకుని ఉంటే చచ్చినట్టు పడేదిగా! పదండి, ఆఫీసు కట్టేస్తారు.”

దారిలోనే ఫోను మోగింది. ‘మీ కుటుంబములో నాలుగు అభిప్రాయములు గుర్తించబడినవి. వెంటనే హాజరు కావలెను.’

సవరించిన అభిప్రాయం పాత అభిప్రాయాన్ని చెరపదట. దాని పక్కన చేరుతుందట. చెరిపేస్తే మనిషి మొదట ఏమనుకున్నాడో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? పరిశీలనగారు నలుగురు మనుషులకు సరిపడా ఉన్న మా అభిప్రాయాలను తెర మీద పరిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“భర్తగారూ, మీరెందుకు మారారు?”

“నిన్న సాయంత్రం నేను గోడవతల దగ్గాను సార్. రెండుసార్లు. జవాబు రాలేదు. ఆ నవల్లో ఏం జరిగిందో అప్పుడు తెలిసింది.”

నాకు కన్నీరు వచ్చింది. ఉల్లిపాయలు ఎక్కడా లేవు.

“ఆ దగ్గు నమోదు చేయించారా?” అడిగారు పరిశీలనగారు.

“లేదు సార్.”

“చేయించాల్సింది. అమ్మా, మీరు?”

“నాకు ఆ నవల్లో మనిషి మీద కోపమొచ్చింది సార్. దగ్గు వినబడిన మనిషి లేచి వెళ్ళాలి. కూర్చోకూడదు.”

“అలా వెళ్ళకపోవడంలోనే ఉందే అందమంతా!” అన్నాడు మా ఆయన.

“అందమేంటి నువ్వు! ఒక మనిషి అలా...”

అత్తయ్య ఎదుట ‘నువ్వు’ అనేశాను. అత్తయ్య పైకప్పు వైపు చూసింది. మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకా వాదించుకుంటున్నాం. ఆయన నా మాటలు నాకంటే బాగా చెబుతున్నాడు, నేను ఆయన మాటలు ఆయనకంటే గట్టిగా చెబుతున్నాను. కౌంటరు అక్క తన పని ఆపేసి వింటోంది.

పరిశీలనగారు నియమావళి తెరిచి, చాలా పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టారు. “ఇద్దరు మనుషులు, నాలుగు అభిప్రాయాలు. ఇది సరిపోలకపోవడం కిందికి రాదు. తీవ్ర వివాదం కిందికి వస్తుంది. వివాదంలో ఉన్న పుస్తకాన్ని గుజ్జు చేస్తే సాక్ష్యాన్ని నాశనం చేసినట్టు. కాబట్టి లారీ ఎక్కించడానికి వీల్లేదు.”

“అంటే పుస్తకం ఉంటుందా సార్?”

“శాశ్వతంగా ఉంటుంది.”

“మరి మా కార్డు?”

“వివాదం తేలేదాకా ఆ పుస్తకం ఒక్కటి మినహాయించి కార్డు నడుస్తుంది.”

అత్తయ్య అప్పటికే దెయ్యాల అర వైపు బయల్దేరింది. నేను కుర్చీలోంచి ఎగిరాను. నిజంగానే రెండు కాళ్ళూ నేలమీంచి లేచాయి. మా ఆయన నన్ను పట్టుకుని ఒక చుట్టు తిప్పి, ప్రభుత్వ కార్యాలయమని గుర్తొచ్చి దింపేశాడు. (కౌంటరు అక్క ‘ఆనందం: వ్యక్తపరిచినారు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.) ఇంటికెళ్ళేటప్పుడు బస్సెక్కకుండా నడిచాం. ఆయన దగ్గాడు. నేను వెంటనే దగ్గాను. అత్తయ్య ఇద్దరికీ మిరియాల కషాయం కాచి పోసింది.

సన్న నవలను తోపుడుబండి మీంచి దించి, హాలు మధ్యలో గాజుపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళానికి లక్క ముద్ర వేశారు. పెట్టె మీద ‘అత్యంత వివాదాస్పద నవల’ అని పలక వేలాడదీశారు. వివాదంలో ఉన్న పుస్తకం గురించి పౌరులందరూ అభిప్రాయం చెప్పాలని యాప్ అందరి ఫోన్లకూ సందేశం పంపింది. సాక్ష్యం కాబట్టి పుస్తకం బయటికివ్వరు. ఇవ్వరు కాబట్టి చదవకుండానే అభిప్రాయం చెప్పవచ్చని పరిశీలనగారు ప్రత్యేక సడలింపు ఇచ్చారు.

ఆ తర్వాత జరిగినదాన్ని సాహిత్య చైతన్యం అనాలి. గ్రంథాలయం చరిత్రలో అంత పొడవు వరస ఎవరూ చూడలేదు. దర్జీ ఆ నవల సాగదీసినట్టుందన్నాడు. బ్యాంకు మేనేజరు కుటుంబ వ్యవస్థకు ముప్పన్నాడు. పళ్ళ డాక్టరు కంటతడి పెట్టుకుని, తన జీవితమే మారిపోయిందన్నాడు. కాలేజీలో దాని మీద చర్చ పెట్టారు, చర్చ కొట్లాటయింది, కొట్లాట మీద వ్యాసాలొచ్చాయి. గోడదే తప్పనేవాళ్ళు ఒక సంఘం, చెంచాదే తప్పనేవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. ఏడాది చివర దానికి ఒక బహుమతి కూడా వచ్చింది. బహుమతి సంఘం వారు గాజుపెట్టె చుట్టూ తిరిగి, అట్ట చాలా బాగుందని ఏకగ్రీవంగా తీర్మానించారు.

బహుమతి అందుకోవడానికి రచయిత్రి వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచి. వేదిక మీద తన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలనుకుంది. ఆవిడ దగ్గర కూడా ప్రతి లేదట. కాసేపు పెట్టె తెరవమని అడిగితే, వివాదం తేలాక అర్జీ పెట్టుకోమన్నారు. ఆవిడ గాజు మీద చెయ్యి ఆన్చి కాసేపు నిలబడింది. నేనూ మా ఆయనా దగ్గరికెళ్ళి మీ నవల గురించి మాట్లాడాలన్నాం. ఆవిడ మొహం విచ్చుకుంది. అంతలో కౌంటరు అక్క వచ్చి మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ నవల మీద అభిప్రాయం లేని మనిషి లేడు. చదివినవాళ్ళం మేమిద్దరమే. వివాదం మాది కాబట్టి మేం కక్షిదారులం. మాకు మాత్రం దాని గురించి మాట్లాడే అర్హత లేదు.